తూము ఎక్కడ మూసుకుంది?

చేలోకి నీళ్లు రాకపోతే గట్టు వెంబడి పైకి నడవాలని దివిసీమ రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ముందు తన బోదె చూసుకుంటాడు. అందులో అడ్డం ఏమీ లేకపోతే పంటకాలవ తూము దాకా వెళతాడు. అదీ తెరిచే వుంటే లస్కరును పట్టుకుని పై లాకు సంగతి అడుగుతాడు. ఎక్కడో ఒకచోట పలక దించి వుంటుంది. లేకపోతే ఎవరో మహానుభావుడు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేసుకుని వుంటాడు. అది తేలేదాకా చేలో గునపం వేసి లాభం లేదని రైతుకు తెలుసు.

ఇంత తెలిసిన మనవాళ్లే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోగానే ఈ తెలివినంతా చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తారు. ఉమ్మడి డ్రైవులో ఒక ఫోల్డరు తెరుచుకోకపోతే ఆ ఫోల్డరు మీదే పడతారు. కనిపించిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టి, అందరికీ సర్వాధికారాలు ఇచ్చేసి, "హమ్మయ్య, తెరుచుకుంది" అని కాఫీకి లేస్తారు. ఆ కాఫీ ఖరీదు ఎంతో మరుసటి నెలలో తెలుస్తుంది.

ఈ సంగతి రాయమని అవనిగడ్డ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడ ఒక ఆఫీసులో గుమాస్తా. "మాస్టారూ! మా ఉమ్మడి డ్రైవులో ఒకే ఫోల్డరులో పక్కపక్కనే రెండు ఫైళ్లు వున్నాయి. రెండూ మా హెడ్డు గుమాస్తాగారే తెచ్చి పెట్టారు. ఒకటి నాకు తెరుచుకుంటుంది, రెండోది నీకు ప్రవేశం లేదు పొమ్మంటుంది. ఒక తల్లి పిల్లల మధ్య ఈ పక్షపాతం ఏమిటి?" అని ఆవిడ ప్రశ్న. జవాబు చెబుతాను. అయితే దానికి ముందు నాలుగు మాటలు చెప్పుకోవాలి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. బందరులో మా కాలేజీ ఉమ్మడి డ్రైవును చూసుకోవటానికి ఒక సంఘం వేశారు. ఆ మీటింగులో ఎవరో "ఇదంతా వారసత్వం తగాదా" అన్నారు. ఆ మాట చెవిని పడగానే సైన్సు మిత్రులందరూ కలిసి నా వంక చూశారు. అలా ఆ పదవి నాకు సంక్రమించింది. వదిలించుకునే దారి కనిపించక నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్న తరువాత ఇది మన జిల్లా వాళ్లకు కొత్త విద్య కాదని తేలింది.

ఉమ్మడి డ్రైవు అంటే ఒక గదిలో వున్న పెద్ద కంప్యూటరులో అందరికీ కలిపి వుంచిన బీరువా అనుకోండి. దానికి సర్వరు అని పేరు. మిగతా గదుల కంప్యూటర్లు తీగ మీదుగా ఆ బీరువాలోకి చెయ్యి పెడతాయి. బీరువాలో ఫోల్డర్లు, వాటిలో చిన్న ఫోల్డర్లు, వాటిలో ఫైళ్లు. ప్రతి ఫోల్డరుకూ, ప్రతి ఫైలుకూ వెనక ఒక జాబితా వుంటుంది. ఫలానావారు చదవవచ్చు, ఫలానావారు రాయవచ్చు, ఫలానావారు చెరిపెయ్యవచ్చు అని అందులో వరసగా రాసి వుంటుంది.

వెయ్యి ఫోల్డర్లకు వెయ్యి జాబితాలు చేత్తో రాయాలంటే మనిషి జన్మ చాలదు. అందుకని పై ఫోల్డరు జాబితాలో రాసినది కింది వాటన్నిటికీ తనంతట తాను దిగివచ్చే ఏర్పాటు చేశారు. దీన్నే వారసత్వం అంటారు. మా వ్యాకరణం వాళ్లు దీన్ని ఎప్పుడో అనువృత్తి అన్నారు. పై సూత్రంలో ఒకసారి చెప్పిన మాట కింది సూత్రాలలోకి జారి వస్తుంది, మళ్లీ మళ్లీ చెప్పనక్కరలేదు. పాణిని దాదాపు నాలుగు వేల సూత్రాలలో అంత సంస్కృత భాషనూ కట్టివెయ్యగలిగాడంటే ఈ పొదుపు కూడా ఒక కారణం.

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.లో ఈ వారసత్వం పుట్టిన రోజు కానుక వంటిది. కొత్త ఫోల్డరు పుట్టేటప్పుడు తల్లి జాబితాకు ఒక నకలు తీసుకునేది, అంతటితో సరి. తరువాత పైన ఏం మార్చినా, పనిగట్టుకుని కిందికి తోస్తే తప్ప దానికి తెలిసేది కాదు. విండోస్ 2000 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు పైన ఒక పేరు చేరిస్తే కిందున్న ప్రతి ఫోల్డరుకూ అది చేరుతుంది. పైన తీసివేస్తే కిందా పోతుంది. లాకు ఎత్తితే కాలవలన్నీ నిండటం, దించితే ఎండటం అన్నమాట.

మరి తగాదాలు ఎక్కడ వస్తాయి? మొదటిది, వేరుపడటం దగ్గర. ఏ ఫోల్డరైనా సరే "నాకు పైనుంచి ఏమీ అక్కరలేదు" అని వారసత్వం తెంచుకోవచ్చు. అలా తెంచేటప్పుడు యంత్రం ఒక ప్రశ్న వేస్తుంది. ఇప్పటిదాకా పైనుంచి వచ్చిన హక్కులను సొంతం చేసుకుని వుంచుకుంటావా, లేక అన్నీ వదులుకుంటావా అని. ఏది ఎంచుకున్నా ఆ క్షణం నుంచి పైన జరిగే మార్పులు ఆ ఇంటి గడప దాటి లోపలికి రావు.

మన చట్టంలోనూ ఇటువంటిదే జరిగింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. మన రాష్ట్రం 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేటట్టు ఆ హక్కు ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి మన నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు. దేశానికంతటికీ ఆ మార్పు 2005లో గాని రాలేదు. అయితే రాష్ట్ర చట్టం అప్పటికే పంపకాలు పూర్తయిన ఇళ్లను తాకలేదు. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకూ వర్తించలేదు. పైన ఎంత మంచి శాసనం చేసినా ముందే వేరుపడిన వాటాకు అది చేరదు. ఫోల్డర్ల సంగతీ అంతే. "అన్ని శాఖలకూ హక్కు ఇచ్చాం గదా, ఈ ఒక్క ఫోల్డరే ఎందుకు తెరుచుకోదు?" అని ఎవరైనా అడిగితే, అది ఎప్పుడో వేరుపడిన తమ్ముడేమో ముందు చూడాలి.

రెండో తగాదా నిషేధం దగ్గర. జాబితాలో ఇవ్వటమూ వుంది, నిషేధించటమూ వుంది. ఇవ్వకపోవటం వేరు, నిషేధించటం వేరు. పెళ్లికి పిలవకపోవటానికీ, వస్తే గుమ్మంలో ఆపమని మనిషిని నిలబెట్టటానికీ వున్నంత తేడా.

గుడివాడలో లెక్కలు రాసే ఒక ఆఫీసులో మా మేనల్లుడు పనిచేస్తున్నాడు. జీతాల ఫోల్డరు గుమాస్తాల కంట పడకూడదని వాళ్ల యజమాని చెప్పాడు. మావాడు ఉత్సాహవంతుడు. ఆ ఫోల్డరు మీద "ఎవ్రివన్" అన్న గుంపుకు నిషేధం పెట్టి, దాని కిందనే యజమాని పేరు రాసి సర్వాధికారాలు ఇచ్చాడు. మర్నాడు ఉదయం గుమాస్తాలకు తెరుచుకోలేదు, సంతోషం. యజమానికీ తెరుచుకోలేదు. ఆ రాత్రి నాకు ఫోను వచ్చింది.

"మావయ్యా! ఆయన పేరు స్పష్టంగా రాశాను. అయినా రానివ్వటం లేదు. రేపు నెల జీతాలు. నా జీతం సంగతి తరువాత, ఉద్యోగమే వుండేట్టు లేదు."

"ఎవ్రివన్ అంటే ఎవరురా?"

"గుమాస్తాలు."

"యజమాని మనిషి కాడా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. ఒకే ఫోల్డరు మీద ఇవ్వటమూ నిషేధమూ రెండూ రాసి వుంటే నిషేధమే గెలుస్తుంది. యజమాని తన పేరుతో లోపలికి రావచ్చు గాని, అందరిలో ఒకడిగా ఆగిపోతాడు. నిషేధం తీసివెయ్యమన్నాను. వారసత్వం తెంచి, వచ్చిన హక్కులను సొంతం చేసుకుని, ఆ జాబితాలోంచి గుమాస్తాల గుంపు పేరు ఒక్కటీ కొట్టెయ్యమన్నాను. పదినిమిషాల్లో పని అయిపోయింది. తీరిక దొరికినప్పుడు జీతాల ఫోల్డరును గుమాస్తాల ఫోల్డరు కడుపులోంచి తీసి దాని పక్కన విడిగా పెట్టమని కూడా చెప్పాను. అందరూ తిరిగే వసారాలో ఇనప్పెట్టె పెట్టి దానికి కాపలా కాయటం కంటే, పెట్టెను వేరే గదిలో పెట్టుకోవటం సుఖం.

ఇక్కడ ఒక మెలిక వుంది, గుర్తుపెట్టుకోవాలి. పైనుంచి వారసత్వంగా దిగివచ్చిన నిషేధం కంటే ఫోల్డరు మీద నేరుగా రాసిన అనుమతికి బలం ఎక్కువ. సామాన్య విధి కంటే విశేష విధి బలమైనదని మా వ్యాకరణం వాళ్లు చెప్పేదీ ఇదే. కనుక వరస ఇది. అన్నిటికంటే బలం నేరుగా రాసిన నిషేధానికి, తరువాత నేరుగా రాసిన అనుమతికి, ఆ తరువాత పైనుంచి వచ్చిన నిషేధానికి, చివరకు పైనుంచి వచ్చిన అనుమతికి. పైన నిషేధం పెట్టాం గదా అని నిశ్చింతగా నిద్రపోయేవారు ఈ వరస ఒకసారి కాగితం మీద రాసుకోవటం మంచిది.

ఇప్పుడు అవనిగడ్డ పాఠకురాలి ప్రశ్నకు వస్తాను. అమ్మా! మీ హెడ్డు గుమాస్తాగారు ఒక ఫైలును నకలు తీసి పెట్టి వుంటారు, రెండోదాన్ని తన సొంత ఫోల్డరులోంచి లాక్కొచ్చి పడేసి వుంటారు. నకలు తీసినప్పుడు కొత్త ఫైలు పుడుతుంది. అది పుట్టిన చోటి హక్కులే దానికి వస్తాయి, అందుకే మీకు తెరుచుకుంది. అదే డిస్కులో ఒకచోటి నుంచి మరో చోటికి లాగినప్పుడు కొత్తది పుట్టదు, పాత ఫైలుకు చిరునామా మాత్రం మారుతుంది. సాధారణంగా అది తన పాత జాబితాను వెంట తెచ్చుకుంటుంది. ఆయనకు ఒక్కడికే చెల్లిన ఫైలు అందరి మధ్యకు వచ్చి కూర్చున్నా ఆయనకు ఒక్కడికే చెల్లుతుంది. కోడలు కొత్త ఇంటికి వచ్చినా మొదట్లో పుట్టింటి అలవాట్లే గదా!

దీనికి ఎదురు సందర్భం మరీ ప్రమాదం. అందరూ చదవగల చోటినుంచి ఒక ప్రశ్నపత్రాన్ని రహస్యపు ఫోల్డరులోకి లాగారనుకోండి. బీరువాలో పెట్టి తాళం వేశామని మీరు అనుకుంటారు, దాని వెనక జాబితాలో అందరి పేర్లూ ఇంకా వుండవచ్చు. కనుక అటువంటి ఫైలును లాగిన తరువాత దాని హక్కులను తిరిగి తల్లి ఫోల్డరుకు కలపాలి. "ఐకాక్ల్స్" అనే ఆజ్ఞకు "రీసెట్" అన్న మాట చేర్చి నడిపితే ఆ పని అవుతుంది. అది రాకపోతే నకలు తీసి పెట్టి, నకలు తెరుచుకుంటున్నదని చూసుకుని, పాతది చెరిపెయ్యండి.

మూడో తగాదా గుమ్మం దగ్గర. పులిగడ్డ అక్విడెక్టు చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. కృష్ణ పాయ మీదుగా ఆ వంతెన కాలవలో వచ్చే నీళ్లు దివిసీమకు ప్రాణం. లోపల కాలవలు ఎంత వెడల్పు తవ్వినా అక్విడెక్టు మీదుగా దాటిన నీళ్లకంటే ఒక్క చుక్క ఎక్కువ రాదు. ఉమ్మడి డ్రైవుకు కూడా తీగ మీదుగా వచ్చేవాళ్లకు ఒక గుమ్మం వుంది. దానికి విడిగా ఒక జాబితా వుంది. ఫోల్డరు జాబితా, గుమ్మం జాబితా రెండూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది, రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. కొత్తగా డ్రైవును పంచినప్పుడు మామూలుగా గుమ్మం దగ్గర అందరికీ చదివే హక్కు మాత్రమే వుంటుంది. అందుకే "చదవటానికి వస్తున్నది గాని సేవు చెయ్యనివ్వటం లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు గుమ్మం చూడాలి. సర్వరు గదిలోనే కూర్చుని ఆ డిస్కు తెరిచేవాడికి ఈ గుమ్మం అడ్డం రాదు. "నాకు ఇక్కడ బాగానే తెరుచుకుంటున్నదే" అని అతను అనటం అబద్ధం కాదు. అతను అక్విడెక్టుకు అవతలి ఒడ్డున వున్నాడు, అంతే.

నాలుగోది చాలా చిన్నది, చాలామందిని ఏడిపించినది. ఒకరిని కొత్తగా ఒక గుంపులో చేర్చి హక్కు ఇచ్చాం. అయినా రాదు. ఎందుకంటే ఉదయం లోపలికి వచ్చేటప్పుడే యంత్రం అతని మెళ్లో ఏయే గుంపులవాడో రాసిన బిళ్ల వేసింది. మధ్యాహ్నం చేర్చిన గుంపు ఆ బిళ్ల మీద లేదు. ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లోపలికి వస్తే కొత్త బిళ్ల దొరుకుతుంది. ఇంత మాత్రానికి సగం రోజు తలలు పట్టుకున్నవారిని నేను ఎరుగుదును.

ఇప్పటిదాకా చెప్పినవి ఆఫీసు చిక్కులు. ఇవి తేలకపోతే ఒకరోజు పని పాడవుతుంది, పైవాడు కేకలు వేస్తాడు. ఇక చెప్పబోయేది అలాటిది కాదు.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రం మైళ్లకొద్దీ లోపలికి నడిచివచ్చింది. ప్రభుత్వ లెక్కలలోనే దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి నేను పుట్టలేదు. ఆ రాత్రిని కళ్లారా చూసినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారని, చరిత్ర చెప్పే మా సహోద్యోగి ఒకాయన చాలా ఏళ్లు పిల్లలను వెంటబెట్టుకుని నాగాయలంక, కోడూరు వైపు పల్లెలు తిరిగారు. ముసలివాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయించారు. అదంతా కాలేజీ ఉమ్మడి డ్రైవులో ఒక ఫోల్డరులో పెట్టారు. ఆ తరువాత ఆయన రిటైరై పిల్లల దగ్గరకు వెళ్లిపోయారు.

నిరుడు నాగాయలంక వైపు నుంచి ఒక తండ్రి, కూతురు మా కాలేజీకి వచ్చారు. ఆయనకు యాభై దాటి వుంటాయి.

"మా అమ్మ పోయి ఆరు నెలలైందండి. ఉప్పెనలో మా అన్నయ్యలిద్దరూ పోయారు. నేను చంకలో బిడ్డనట. ఆ రాత్రి ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా మాతో ఒక్క ముక్క చెప్పలేదు. మీ కాలేజీ పిల్లలు వచ్చి అడిగితే మాత్రం చెప్పిందట. అది ఒక్కసారి వినిపిస్తారా మాస్టారూ?" అన్నాడు.

ఆ ఫోల్డరు ఎవరికీ తెరుచుకోలేదు. నాకూ కాలేదు, లాబులో సర్వరు చూసే కుర్రవాడికీ కాలేదు, ఎడ్మినిస్ట్రేటరు పేరుతో వెళ్లినా కాలేదు. వాళ్లను పదిరోజుల తరువాత రమ్మని, మేం గట్టు వెంబడి నడక మొదలుపెట్టాం.

గుమ్మం బాగానే వుంది. పై ఫోల్డరు బాగానే వుంది. పక్క ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. అంటే ఈ ఒక్కటే వేరుపడిందన్నమాట. మా పాత సహోద్యోగి జాగ్రత్తగల మనిషి. పిల్లలెవరైనా పొరపాటున చెరిపేస్తారన్న భయంతో వారసత్వం తెంచి, తన పేరు ఒక్కటే వుంచుకున్నట్టున్నారు. ఆయన ఉద్యోగంలో వున్నన్నాళ్లూ ఆ కాపలా బాగానే పనిచేసింది. రిటైరైన తరువాత మామూలు పద్ధతి ప్రకారం ఆయన ఖాతా తొలగించారు. దానితో ఆ ఫోల్డరుకు తాళం వుంది గాని తాళంచెవి గల మనిషి లేకుండా పోయాడు.

"అదే పేరుతో మళ్లీ ఖాతా తెరిస్తే సరిపోదా?" అన్నాడు లాబు కుర్రవాడు. సరిపోదు. జాబితాలో మనకు పేరు కనిపిస్తుంది గాని యంత్రం లోపల రాసుకునేది ఒక పొడుగాటి నంబరు. అది ఎస్-1-5-21 అని మొదలవుతుంది. ఖాతా తీసేస్తే పేరు పోయి ఆ నంబరు మిగులుతుంది. అదే పేరుతో కొత్త ఖాతా తెరిస్తే దానికి కొత్త నంబరు వస్తుంది. పేరు అదే, మనిషి అదే, యంత్రం దృష్టిలో పరాయివాడు.

దారి వేరే వుంది. ఎడ్మినిస్ట్రేటరుకు చదివే హక్కు లేకపోయినా, స్వాధీనం చేసుకునే హక్కు వుంటుంది. యజమాని అయినవాడు జాబితాను తిరగరాయగలడు. అయితే స్వాధీనం చేసుకుని పాత జాబితాను తుడిచివెయ్యటం వెనక్కి తిరగని అడుగు. అందుకని ముందు రోబోకాపీ అనే సాధనాన్ని బ్యాకప్ పద్ధతిలో నడిపించి, ఆ ఫోల్డరు మొత్తానికి వేరే డిస్కు మీద నకలు తీయించాను. తరువాత స్వాధీనం చేసుకున్నాం. జాబితా తెరిచి చూస్తే అనుకున్నట్టే వుంది. ఒక్కటే వరస, అందులో పేరు లేని ఆ నంబరు. మళ్లీ పై ఫోల్డరుతో వారసత్వం కలిపాం. మధ్యాహ్నం రెండు గంటలకు ఫైళ్లన్నీ కనిపించాయి. ప్రతి దానికీ ఊరి పేరు, మనిషి పేరు, తేదీ వేసి వున్నాయి.

చెప్పిన రోజుకు తండ్రీ కూతుళ్లు వచ్చారు. పదకొండు నిమిషాల రికార్డు. మొదట్లో కోళ్ల కూతలు, ఎవరో కుర్చీ లాగిన చప్పుడు, తరువాత ఆవిడ గొంతు. నేను గది బయటకు వచ్చేశాను. అది నేను వినవలసినది కాదు. ఆయన బయటకు వచ్చి, "ఇది మా ఊళ్లో చెల్లెలికి వినిపించవచ్చా అండీ?" అని మాత్రం అడిగాడు. నకలు ఒకటి తీసి ఇచ్చాం.

ఆ మర్నాడు సంఘంలో ఒక తగువు వచ్చింది. ఇక మీదట ఈ గొడవ లేకుండా ఆ ఫోల్డరును అందరికీ తెరిచేద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. కన్నబిడ్డకు కూడా చెప్పని మాట ఆవిడ మా పిల్లలను నమ్మి చెప్పింది. దాన్ని ఎవరు పడితే వారు విని, కోసి, ఎక్కడ పడితే అక్కడ పెట్టుకోవటానికి చెప్పలేదు. అలాగని మళ్లీ ఒక్క మనిషి పేరు మీద పెట్టనూ కూడదు. చివరికి రెండు గుంపులు ఏర్పరచాం. చదివేవారు ఒక గుంపు, చేర్చటం దిద్దటం చేసేవారు మరో గుంపు. జాబితాలో గుంపుల పేర్లే వుంటాయి, మనుషుల పేర్లు వుండవు. చరిత్ర శాఖకు ఎవరు వస్తే వారు గుంపులో చేరతారు, పోయేవారు గుంపులోంచి పోతారు. ఫోల్డరును ముట్టుకునే పని లేదు.

ఈ పాఠం మన పల్లెలకు 1984లోనే తెలిసింది. ఆ ఏడాది రాష్ట్రంలో కరణం, మునసబు పదవులు రద్దు చేశారు. అప్పటిదాకా ఊరి భూముల లెక్కలు కరణంగారి ఇంట్లో, కరణంగారి భోషాణంలో వుండేవి. లెక్కలు ఊరివి, భోషాణం ఆయనది. పదవి పోయిన తరువాత ఆ కాగితాలు ఇళ్లల్లోంచి కచేరీలకు చేర్చటానికి ఎంత రభస అయిందో పెద్దవాళ్లను అడగండి. హక్కు పదవికి వుండాలి గాని ఇంటికి వుండకూడదని అప్పుడు తెలుసుకున్నాం. ఇప్పుడు కంప్యూటర్లలో మళ్లీ కొత్త కరణీకాలు పెట్టుకుంటున్నాం.

ఇక మీ ఆఫీసులో ఫోల్డరు మొరాయిస్తే ఏ వరసన చూడాలో చెప్పి ముగిస్తాను. ముందు ఎవరికి రావటం లేదు, ఎవరికి వస్తున్నది, చదవటమా రాయటమా, తీగ మీదుగానా సర్వరు దగ్గరా అన్నది కాగితం మీద రాసుకోండి. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. తరువాత గుమ్మం జాబితా చూడండి. ఆ తరువాత ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ తెరవండి. ప్రతి హక్కు పక్కనా అది ఎక్కడినుంచి దిగివచ్చిందో రాసి వుంటుంది. ఆ వరస పట్టుకుని పైకి నడవండి. వారసత్వం కలుపుమనే మీట అక్కడ కనిపిస్తే ఫోల్డరు వేరుపడిందని అర్థం. తెంచమనే మీట కనిపిస్తే కలిసే వుంది. నిషేధాలు ఏమైనా వున్నాయా చూడండి. అక్కడే ఎఫెక్టివ్ యాక్సెస్ అన్న చోట ఒక పేరు ఇస్తే, అన్నీ కలిపి ఆ మనిషికి చివరకు మిగిలిన హక్కు ఎంతో యంత్రమే చెబుతుంది. కొత్తగా గుంపులో చేరినవారైతే ఒకసారి లాగాఫ్ అయి రమ్మనండి.

ఒక్క మీట దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. కింది వాటన్నిటి హక్కులనూ తీసి పైనున్నవే పెట్టమనే గడి ఒకటి ఆ పేజీ అడుగున వుంటుంది. డ్రైవు నెత్తిన నిలబడి దానికి టిక్కు పెడితే, తెలిసి వేరుపెట్టిన ఫోల్డర్లన్నీ ఒక్క దెబ్బతో ఉమ్మడిలో కలిసిపోతాయి. పరీక్షల మార్కులు, జీతాలు, ఫిర్యాదు కాగితాలు అన్నీ పదిమంది ముందుకు వస్తాయి. "అందరికీ సర్వాధికారాలు" అన్న చిట్కా కూడా ఇటువంటిదే. ఒక్కరి కంప్యూటరుకు పురుగు తగిలినా, ఆ మనిషికి రాసే హక్కు వున్నంత మేరా అది వెళ్లి ఫైళ్లను పాడు చెయ్యగలదు. గట్టు తెగ్గొట్టి తన చేను తడుపుకున్నవాడు కింది వాళ్ల చేలు ముంచినట్టే.

పాఠకులు ఈ వారం ఒక పని చెయ్యాలని కోరుతున్నాను. మీ ఆఫీసులోనో, బడిలోనో, లైబ్రరీలోనో పోగొట్టుకోకూడని ఫోల్డరు ఒకటి వుంటుంది. అది ఎవరి పేరు మీద వుందో అడగండి. ఆ మనిషి రిటైరు కావటానికి ఎంతకాలం వుందో కూడా అడగండి. జవాబు తెలిసినవాళ్లు ఇంకా అక్కడ పనిచేస్తూ వుండగానే అడగండి.